మట్టం తప్పిన హెడ్డు

చర్లలో బస్టాండు దాటాక నాకొక రేకుల షెడ్డు ఉంది. ఇరవై ఏళ్ళకు పైగా అందులో జీపులు, ట్రాక్టర్లు బాగుచేస్తున్నాను. నేను కోపిష్టినని ఊళ్ళో అంటారు. నిజానికి నాకు కోపం తొందరగా రాదు. వస్తే తొందరగా పోదు. ఇప్పుడు చెప్పబోయే కోపం వచ్చి రెండు వానాకాలాలు గడిచాయి.

మా దగ్గర తారు రోడ్డు అయిపోయాక అడవిలోకి మట్టి దారి పోతుంది. ఆ దారిలో కన్యాస్త్రీలు నడిపే ఒక చిన్న దవాఖాన ఉంది. అందులో ఉండే సిస్టరు నర్సు. మధిర వైపు నుంచి వచ్చిన మనిషి, యాభై దాటి ఉంటాయి. దవాఖాన జీపు ఆమే నడుపుతుంది. అంబులెన్సు తారు రోడ్డు దాకే వస్తుంది. ఆ పైన ఉన్న కోయ గూడేలకు ఎవరికి ఏం జరిగినా ఆ పాత డీజిల్ జీపే దిక్కు. దాని ఇంజను మొదటి నుంచీ నా చేతిలోనే ఉంది. దగ్గినా తుమ్మినా నాకే తెలుస్తుంది.

ఆ ఏడు మే నెలలో ఫ్యాన్ బెల్టు తెగి ఇంజను బాగా కాగిపోయింది. విప్పి చూస్తే హెడ్డు వంగింది. హెడ్డు అంటే సిలిండర్ల మీద మూతలా కూర్చునే ఇనుప దిమ్మ. దానికీ కింది ఇంజనుకూ మధ్య పల్చటి గాస్కెట్టు ఉంటుంది. హెడ్డు అడుగు భాగం అంతా ఒకే మట్టంగా ఉంటేనే ఆ గాస్కెట్టు పట్టుకుంటుంది. వెంట్రుకవాసి గుంట ఉన్నా లోపలి మంట నీళ్ళ దారిలోకి దూరుతుంది. నీళ్ళు పొంగి బండి ఆగిపోతుంది. వంగిన హెడ్డును మిషను మీద గీకించి మళ్ళీ చదును చేయించాలి. ఆ మిషను చర్లలో లేదు. నేను పని నేర్చుకున్న నాటి నుంచీ ఖమ్మంలో ఒకే లేత్ షాపుకు పంపుతున్నాను. దాని పాత యజమాని ప్రతి హెడ్డునూ తానే కొలిచి, తన చేత్తో గుడ్డలో చుట్టి ఇచ్చేవాడు. ఆయన పోయాక అల్లుడు చూసుకుంటున్నాడు.

హెడ్డు వారానికి తిరిగొచ్చింది. అడుగు భాగం అద్దంలా మెరుస్తోంది. చూసి మురిసిపోయాను. ఉక్కు స్కేలు నా ముందే గోడకు వేలాడుతోంది. దాన్ని తీసి ఒక్కసారి హెడ్డు మీద అడ్డంగా పెట్టి ఉంటే ఈ కథే లేదు. పెట్టలేదు. ఇరవై ఏళ్ళలో ఎన్నడూ తేడా రాని చోటు నుంచి వచ్చిందని తీసుకుని బిగించేశాను.

పది రోజులు బాగానే తిరిగింది. పదకొండో రోజు సిస్టరు ఒక్కతే వస్తుంటే గుట్ట ఎక్కేచోట రేడియేటరులో నీళ్ళు పొంగాయి. ఎలాగో చల్లార్చుకుంటూ షెడ్డుకు తెచ్చింది. నేను హెడ్డు దించాను. గాస్కెట్టు ఒక చోట కాలి ఉంది. నాసిరకం గాస్కెట్టు అమ్మాడని భద్రాచలం కొట్టువాణ్ణి తిట్టుకున్నాను. బోల్టులు నేనే సరిగ్గా బిగించలేదేమో అని నన్నూ తిట్టుకున్నాను. కొత్త గాస్కెట్టు తెప్పించి, బోల్టులు వరస ప్రకారం మూడుసార్లు బిగించాను. అప్పుడు కూడా కొలవలేదు. అందరినీ అనుమానించాను గానీ ఆ మెరుపును అనుమానించలేదు.

జూలైలో, వానలు పట్టుకున్నాక, లోపలి గూడెంలో ఒకాయన కల్లు గీయడానికి తాటిచెట్టు ఎక్కి జారి పడ్డాడు. తొడ ఎముక విరిగింది. సిస్టరు పోయి కాలుకు కర్రలు కట్టి, జీపు వెనక పడుకోబెట్టింది. ఆయన భార్య తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తమ్ముడు పక్కన వేలాడుతూ నిలబడ్డాడు. మిట్టమధ్యాహ్నం వేళ బయలుదేరారు. నాలుగు కిలోమీటర్లు వచ్చారో లేదో బానెట్టు కింద నుంచి ఆవిరి ఎగదన్నింది. ఇంజను రెండుసార్లు కొట్టుకుని ఆగిపోయింది.

అక్కడ ఫోన్ పలకదు. తమ్ముడు వెనక్కి పరుగెత్తి గూడెం నుంచి నలుగురు మనుషుల్నీ ఒక మంచాన్నీ తెచ్చాడు. ఆ మంచం మీద పెట్టి, వానలో, తారు రోడ్డు దాకా ఆరు కిలోమీటర్లు మోశారు. మధ్యలో వాగు. నడుముల్లోతు నీళ్ళు. మంచాన్ని నెత్తి మీదికి ఎత్తుకుని దాటించారు. సిస్టరు పక్కనే నడుస్తూ ఆయన మొహం మీద గొడుగు పట్టింది. మొదట అడుగు అడుగుకూ అరిచాడట. వాగు దాటాక అరవడం మానేశాడట. అరిచినంతసేపూ తనకు ధైర్యంగానే ఉందని, మానేశాకే మాటిమాటికీ నాడి చూశానని సిస్టరు తర్వాత చెప్పింది. తారు రోడ్డు దగ్గర అంబులెన్సు దొరికింది. ప్రాణం దక్కింది. కాలు మాత్రం పొట్టిదై అతుక్కుంది. అది ఆలస్యం వల్ల కాదని డాక్టరు ఆమెకు చెప్పారట. ఆ మాట నాకేమీ ఊరట ఇవ్వలేదు.

మర్నాడు పొద్దున్నే సిస్టరు ఎవరి బండి మీదో ఎక్కి షెడ్డుకొచ్చింది. చీర అంచులకు బురద ఎండిపోయి ఉంది. కూర్చోమన్నా కూర్చోలేదు. జరిగిందంతా నిలబడే చెప్పింది. నేను గాస్కెట్టు అన్నాను, ఖమ్మం అన్నాను, ఏదేదో అన్నాను. ఆమె అంతా విని ఒకటే అడిగింది.

"ఆ హెడ్డు బిగించేముందు మీరు కొలిచారా?"

"లేదు సిస్టర్."

"రెండోసారి?"

"రెండోసారి కూడా కొలవలే."

ఆమె మొహం ఎర్రబడింది. "నేను సూది గుచ్చేముందు మందు మీద తేదీ చూడకపోతే మీరు ఊరుకుంటారా?" అంది. జవాబు కోసం ఆగలేదు. వచ్చిన బండి మీదే వెళ్ళిపోయింది.

ట్రాక్టరు పెట్టి జీపును లాక్కొచ్చాను. ఆ సాయంత్రానికే హెడ్డు దించి, కడిగి, బల్ల మీద వెల్లకిలా పెట్టి, స్కేలు అంచును దాని మీద నిలబెట్టాను. వెనక నుంచి వెలుతురు. నడిమి రెండు సిలిండర్ల దగ్గర సన్నటి తెల్లటి గీత కనిపించింది. సందు కొలిచే రేకులు తెచ్చాను. అన్నింటికంటే పల్చటి రేకు కూడా దూరకూడని చోట మూడు రేకులు కలిపి దూర్చినా పోయాయి. ఇంకో వైపు తిప్పి చూస్తే ఒక కొస రెండో కొస కంటే పల్చగా ఉంది. వాల్వులు కూర్చునే చోట్లు కూడా ఒక పక్కకు కోసి ఉన్నాయి. ఒక్క తప్పు కాదు. ముట్టుకున్న ప్రతి చోటా తప్పే. ఆ తప్పంతటినీ పైపైన మెరిపించి పంపారు.

నాకు ఒళ్ళు మండిపోయింది.

తెల్లారి హెడ్డును గోనె సంచిలో మూటగట్టి బస్సు ఎక్కాను. దారిలో తనిఖీ దగ్గర పోలీసులు సంచి విప్పమన్నారు. మందుపాతరల భయం ఉన్న మా దారుల్లో ఇనప వస్తువు మోసుకుపోతే ఎవరికైనా అనుమానమే. విప్పి చూపించాను. ఒక కానిస్టేబులు వేలితో దాని అడుగు తడిమి, కొత్తగా ఉంది కదా అన్నాడు. నేను మళ్ళీ మూటగట్టాను. భద్రాచలం బ్రిడ్జి, కొత్తగూడెం, ఖమ్మం. దారి పొడుగునా మూట కాళ్ళ మధ్య పెట్టుకుని, ఏమనాలో మాటలు పేర్చుకున్నాను.

షాపులో అల్లుడు ఫోన్ చూసుకుంటూ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నేను హెడ్డును ఆయన బల్ల మీదే పెట్టాను. దాని మీద స్కేలు నిలబెట్టి, చూడమన్నాను. ఆయన చూడలేదు. బిగించడంలో తేడా వచ్చి ఉంటుందన్నాడు. అడవి దారులన్నాడు, పాత బండ్లన్నాడు, డ్రైవర్లు నీళ్ళు చూసుకోరన్నాడు.

"నా బిగింపు సంగతి తర్వాత మాట్లాడుదాం. ముందు గీ సందు చూడు," అన్నాను.

"ఎన్ని హెడ్లు పోతున్నయ్ మేస్త్రీ మా దగ్గర్నుంచి. నీ ఒక్కనికే ఎందుకొచ్చింది?"

"గది నాకు తెల్వది. ముందు చూడు."

అప్పుడు లోపల మిషను మీద పనిచేసే ఆపరేటరు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. నడివయసు మనిషి. పాత యజమాని ఉన్నప్పటి నుంచీ అక్కడే ఉన్నాడు, నాకు మొహం తెలుసు. వంగి, ఒక కన్ను మూసి, స్కేలు కింద చూశాడు. చాలాసేపు చూశాడు. లేచి యజమాని వైపు తిరిగాడు.

"నేను చెప్పిన కద సార్. ఎండకాలం నుంచి చెప్తనే ఉన్న. బేరింగు పోయింది, మిషను ఊగుతుంది, దీని మీద హెడ్లు గీకొద్దన్న. మీరే కానియ్యమన్నరు."

నేను దారంతా పేర్చుకున్న మాటల్లో ఒక్కటీ పనికి రాలేదు. పొరపాటు జరిగిందనుకునే వచ్చాను నేను. చేతకాని పని అనుకున్నాను, నిర్లక్ష్యం అనుకున్నాను. తెలిసే చేశారని అనుకోలేదు. మిషను ఊగుతోందని తెలుసు. దాని కింద పెట్టిన ప్రతి హెడ్డూ వంకరగా బయటికి పోతోందని తెలుసు. తెలిసీ మెరుపు పెట్టి పంపించారు.

మొహాన గొడుగు పట్టించుకుని మంచం మీద వాగు దాటిన మనిషి సంగతి చెప్పాను. గొంతు ఎంత లేచిందో నాకు తెలియదు. పక్క షాపుల వాళ్ళు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. అల్లుడు లేచాడు. సరేలే, ఎందుకంత గొడవ, ఇంకోసారి ఫ్రీగా గీకిస్తానన్నాడు.

"ఏ మిషను మీద?" అని అడిగాను.

ఉన్నది ఆ ఒక్క మిషనే.

ఆయన్ను కొట్టాలనిపించింది. దాచడమెందుకు, చెయ్యి లేచింది కూడా. ఆపరేటరు మధ్యలోకి వచ్చి హెడ్డును సంచిలో పెట్టి నా చేతికిచ్చాడు. బయటిదాకా వచ్చి, ఊరి చివర ఇంకో చిన్న షాపు ఉందని, అక్కడ పని నమ్మకంగా ఉంటుందని చెప్పాడు. చెప్పేటప్పుడు నా కళ్ళల్లోకి చూడలేదు. ఆయన మీదా కోపమొచ్చింది. ఊగే మిషను మీద గీకిన చెయ్యి ఆయనదే కదా. అయినా యజమాని ముందు నిజం చెప్పింది కూడా ఆయనే. ఆ రెంటినీ కలిపి ఏమనుకోవాలో నాకు ఇప్పటికీ తేలలేదు.

చిన్న షాపాయన ముందు హెడ్డును కొలిచాడు. ఇప్పటికే చాలా మందం గీకేశారు, ఇంకొక్కసారి గీకితే నిలుస్తుంది, ఆ తర్వాత పాత ఇనుముకే అన్నాడు. చేస్తున్నంతసేపూ నేను మిషను పక్కనుంచి కదల్లేదు. వాల్వుల చోట్లు కూడా కొత్తగా వేయించాను. అయ్యాక ఆయన కొలిచాడు. తర్వాత స్కేలు నా చేతికిచ్చి, మీరూ చూసుకోండి అన్నాడు. ఆ మాటకు నాకు కళ్ళనీళ్ళు వచ్చినంత పనైంది. అదీ కోపమే అనుకుంటాను.

జీపు నడిచింది. నడుస్తోంది. సిస్టరు నాతో మాట్లాడటానికి నెల పట్టింది. బండి తీసుకుపోయేటప్పుడు తాళం అడిగింది, అంతే.

నేను ఇంకో పని చేశాను. చర్ల నుంచి పినపాక దాకా నాకు తెలిసిన మెకానిక్కులందరికీ జరిగింది చెప్పాను. ఆ షాపుకు పోవద్దని ఎవరికీ చెప్పలేదు. అక్కడి నుంచి వచ్చిన హెడ్లు కొలుచుకోమన్నాను. వాళ్ళలో ఇద్దరికి అలాంటివే ఎదురయ్యాయి. దసరా దాటాక ఆ అల్లుడు ఫోన్ చేశాడు.

"నా గిరాకీ మొత్తం చెడగొట్టినవ్ మేస్త్రీ."

"నేను చెడగొట్టలే. కొలుసుకోమన్న."

మిషను బాగుచేయించానని, ఇకనైనా పని పంపమని అడిగాడు. చేయించాడనే విన్నాను. నేను మాత్రం మళ్ళీ పంపలేదు. కాలు పొట్టిదైన మనిషి ఎట్లున్నాడని ఆయన ఆ ఫోన్లో కూడా అడగలేదు.

చలికాలంలో ఆ కాలు విరిగిన మనిషి ఇంటికి చేరాడని తెలిసి, నన్నూ తీసుకుపొమ్మని సిస్టరును అడిగాను. గూడెం చివర ఇల్లు. ముంగిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు, పక్కన కర్ర. ఆయన భార్య చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చి, సిస్టరు దగ్గర నిలబడింది. నేను నేల మీదే కూర్చున్నాను. జీపు ఎందుకు ఆగిందో చెప్పాను. ఖమ్మంలో మిషను సంగతి చెప్పాను. నేను కొలవకుండా బిగించానని, అది నా తప్పని కూడా చెప్పాను. ఆయన అంతా విన్నాడు. నవ్వాడు. నన్ను తేలికపరచాలనే అన్నాడని నాకు తెలుసు.

"పోనియ్యే అన్నా. బండ్లు ఆగుడు మాకు కొత్తనా?"

ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది. కర్ర తీసి కొట్టినా ఓర్చుకునేవాణ్ణి. ఆయన నవ్వు చూస్తుంటే కోపం మళ్ళీ మొదటి రోజులాగే రగిలింది. ఖమ్మంలో కుర్చీలో కూర్చున్న ఆ మనిషిని మెడ పట్టి తెచ్చి, ఈ మంచం ముందు కూర్చోబెట్టి, ఈ ఒక్క మాట వినిపించాలనిపించింది. ఆ మనిషికి ఇది చెవికెక్కేదా అన్నది మాత్రం చెప్పలేను.

సిస్టరు ఆయన కాలు చూసి, నూనె ఎలా రాయాలో భార్యకు చెప్పి, లేవమని నాకు సైగ చేసింది. ఇంకా రెండు గూడేలకు మందులు ఇవ్వాల్సి ఉంది. నేను లేచి బానెట్టు ఎత్తి నీళ్ళు చూశాను.