అమ్మమ్మ విప్పని ముడి

మొన్న ఆదివారం పొద్దున్నే నోయిడా నుంచి మా పిన్ని మనవరాలు ఫోన్ చేసింది. వాళ్ళ అపార్ట్‌మెంట్ సొసైటీలో ఇళ్ళలోని పాత వస్తువులన్నీ హాల్లో అద్దాల పెట్టెల్లో పెట్టి చూపిస్తున్నారట, తను వాళ్ళ అమ్మమ్మ, అంటే మా పిన్ని, ట్రంకుపెట్టెలోంచి లేసు దుప్పటి తీసిందట, అంతా బాగానే ఉంది కానీ అంచున మాసిన దారం ఒకటి వేలాడుతూ అసహ్యంగా ఉందట. "పెద్దమ్మా, యే ధాగా కాట్ దూఁ?" అంది. దారం కత్తిరించెయ్యనా అని. ముందు ఆ కత్తెర అవతల పెట్టమని ఒక్క అరుపు అరిచి, చీరైనా మార్చుకోకుండా పరుగెత్తుకెళ్ళి మెట్రో ఎక్కాను. చీర మార్చుకున్నాననుకోండి, ఆ ఒక్కటీ నా అలవాటు కొద్దీ కలిపిన మాట. మా ఇంట్లో నేను చెప్పింది సగానికి సగం తగ్గించి వినడం అందరికీ ఆచారం కనక, ఈ కథలో ఎక్కడెక్కడ కోతలు కోశానో నేనే చెప్పేస్తాను, మిగతాది నమ్మండి.

ఎనభైల మొదట్లో మాట. నాకు ఢిల్లీలో టైపిస్టు ఉద్యోగం వచ్చి, పిన్నీ బాబాయీ ఉండే సర్కారీ క్వార్టర్లో వరండాకి తడిక కట్టించుకుని కాపురం పెట్టిన రోజులు. నరసాపురంలో మా అమ్మమ్మ బతుకంతా లేసు అల్లింది. అల్లింది అల్లినట్టు షావుకారు పట్టుకుపోయేవాడు, అక్కడి నుంచి ఓడలెక్కి పేర్లు తెలియని దేశాల్లో ఎవరి భోజనాల బల్లల మీదికో పోయేది. తను అల్లిన లేసు పరిచి ఉండగా ఎలా ఉంటుందో ఆవిడ ఒక్కనాడూ చూసి ఎరగదు. ఒక్కటి మాత్రం, మిగిలిన దారాలు దాచుకుని, పొయ్యి మీద అన్నం ఉడికే సందుల్లో, మంచమంత దుప్పటి తనకోసం అల్లుకుంది. నిండా సాలెగూడు పువ్వులు. వేళ్ళు వంకరలు తిరిగి సూది పట్టడం మానేసిన ఏడు దాన్ని పిన్ని చేతిలో పెట్టింది.

ఆ చలికాలం ఊళ్ళో నుమాయిష్, అదే ఎగ్జిబిషన్, పెట్టారు, అందులో తెలుగువాళ్ళకీ ఒక దుకాణం దొరికింది. అమ్మమ్మ కంటి ఆపరేషన్ కోసం ఢిల్లీ వస్తోంది, బండి దిగేది నుమాయిష్ ఆఖరి రోజున. దిగిన దాన్ని దిగినట్టు అక్కడికి తీసుకెళ్ళి, నలుగురూ నిలబడి తన లేసు చూస్తుంటే ఆవిడ చూడాలి, కళ్ళకి కట్టు పడకముందే చూడాలి. పిన్నికి అదొక్కటే పట్టుదల.

ఇక ఆ జాగ్రత్తలు చెప్పాలి. గుండుసూదులు తుప్పు మరకలు పెడతాయని ఒక్క సూదీ గుచ్చనివ్వలేదు. గంజి పెడితే బొద్దింకలు కొరుకుతాయని గంజి పెట్టలేదు. మడత పడిన చోట దారం చిట్లుతుందని, కర్రకి చుట్టి, ఆటోలో పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళింది. వెనకాల వేసే పాత నీలం నూలుచీర రంగు దిగుతుందేమోనని వారం రోజులు ఉతికి, ఆరేసి, తెల్లగుడ్డతో రుద్ది చూసి, అప్పుడు దానికి వదులు కుట్లతో లేసుని కుట్టింది. ఎండ తగలని మూల చూసి కట్టింది, ముందు తాడు కట్టించింది. రంగుకీ తుప్పుకీ పురుగుకీ దారి లేకుండా చేసింది కానీ, ఢిల్లీ ఆడవాళ్ళ చేతులకి చేయలేకపోయింది.

ఆ రోజుల్లో ఢిల్లీ చలికాలం చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. బస్సులో, ఆఫీసులో, పార్కులో, ఏ ఆడమనిషి చేతిలో చూసినా స్వెట్టర్ సూదులే, చంకలో ఉన్ని ఉండలే. ఎక్కడ కొత్త అల్లిక కనిపించినా దాన్ని తిరగేసి వెనక వైపు చూస్తే తప్ప వాళ్ళకి తృప్తి ఉండదు, ఆ ఉల్టా వైపులోనే గుట్టంతా ఉంటుందని. "అరే బెహన్‌జీ, జరా ఉల్టా తో దిఖాఓ!" అంటూ తాడు మీంచి వంగి, పల్లీలూ నువ్వుల గజక్కూ తిన్న జిడ్డు వేళ్ళతోనే లాగేవాళ్ళు. మధ్యాహ్నానికి ఒక గాజు తగులుకుని ఒక పువ్వు రేక సాగిపోయింది. పిన్ని ముఖం చూడలేకపోయాను. అప్పుడు నా విద్య బయటికి తీశాను. ఇది మామూలు దారం కాదు, మా గోదావరి లంకల్లో దొరికే ఒక రకం సాలీడు దారం, ముట్టుకుంటే మోచేతుల దాకా దురద ఎక్కుతుందని చెప్పాను. అంతే, దురద ఎక్కుతుందో లేదో చూద్దామని ముట్టనివాళ్ళు కూడా ముట్టారు.

"నీ కథలు కట్టిపెట్టవే తల్లీ! ఏవండీ, మడి అని రాసిపెట్టండి, ఎవరూ దగ్గరికి రారు," అంది పిన్ని.

మా ఇళ్ళల్లో అది పని చేసే మాటే. దండెం మీద ఆరేసిన బట్టని చూపించి మడి అంటే చాలు, పిల్లలు కూడా నాలుగడుగులు ఎడంగా తిరిగి పోతారు. మా బాబాయి హిందీ పరీక్షలన్నీ ప్యాసైనవాడు. మడికి హిందీ ఏమిటా అని గడ్డం గోక్కుని గోక్కుని, చివరికి అట్టముక్క మీద పెద్దక్షరాలతో 'పవిత్ర్ వస్త్ర్' అని రాసి తగిలించాడు. పవిత్రమైనది ముట్టకూడనిదని మన లెక్క. పవిత్రమైనదాన్ని ముట్టి కళ్ళకద్దుకోకుండా దాటిపోతే పాపమని ఆ దేశం లెక్క. ఈ తేడా మాలో ఒక్కరికీ తట్టలేదు.

అట్టముక్క చదివి ఒకావిడ ఆగిపోయింది. సూదులు సంచీలో పెట్టేసి, కొంగు తలమీదికి లాక్కుని, "మాతా కీ చున్నీ హై?" అని మెల్లగా అడిగింది, అమ్మవారికి కప్పే చున్నీయా అని. పిన్నికి హిందీ అంతంతమాత్రం. మాత అన్న మాట చెవిన పడేసరికి, తన తల్లి గురించి అడుగుతోందనుకుని ముఖం వికసించి, "హాఁ జీ హాఁ జీ, మాతా! మేరా మాతా!" అని గుండె మీద చెయ్యి వేసుకుని మరీ చెప్పింది. ఆ ఆనందానికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి కూడా. ఆ నీళ్ళు చూశాక ఎదుటి మనిషికి ఇంకేం అనుమానం ఉంటుంది? వంగి అంచు కళ్ళకద్దుకుంది.

మర్నాడు వరస కట్టారు. అద్దుకోవడంతో ఆగలేదు. లేసంటే నిండా కంతలే కదా, కోరిక కోరుకుని గుళ్ళో జాలీ కిటికీ కంతలకి ఎర్రదారం కట్టడం వాళ్ళకి పుట్టుకతో వచ్చిన అలవాటాయె. సాయంత్రానికి సాలెగూళ్ళ నిండా ఎర్ర ముడులు. అది అమ్మవారిది కాదని నేను అరిచి చెప్పినా వినేవాళ్ళు లేరు.

"పవిత్ర్ అంటే తప్పేముందే? నిఘంటువులో అదే ఉంది," అని బాబాయి గొణిగాడు.

"ఆ నిఘంటువునే కట్టి వేలాడదీయాల్సింది," అంది పిన్ని.

అవన్నీ విప్పేద్దామని కూర్చుంది కూడా. కానీ చివరగా ఘాజియాబాద్ నుంచి వచ్చిన ఒక అమ్మాయి, నిండా పాతికేళ్ళు లేవు, కొడుక్కి జ్వరం దిగడం లేదని ఏడుస్తూ అంచున ఒక దారం కట్టి వెళ్ళింది. అది చూశాక పిన్నికి చేతులు రాలేదు. కట్టిన పూటే విప్పితే వాళ్ళ కోరికలేమైపోతాయో, రేపు పొద్దున్న అమ్మ వచ్చేలోపు విప్పుదాంలే అని పరదా దించి వచ్చేసింది. ఆ రాత్రి వాన పడింది. గుడారం కారింది. వారం రోజులు ఉతికిన నీలం చీర చుక్క రంగు దిగలేదు, పూజ దారాలు మాత్రం ఉన్న ఎరుపంతా కక్కేశాయి.

స్టేషన్ నుంచి అమ్మమ్మ నేరుగా అక్కడికే వచ్చింది. కళ్ళ దగ్గరగా పెట్టుకుని దుప్పటి ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసింది. పిన్ని ఏడుస్తూ కత్తెర అందిస్తే, లేసు పక్కన కత్తెరేమిటే అని కసిరి, పెట్టె అడుగు నుంచి తన అల్లిక సూది తీయించి, నేల మీద చాప వేయించుకుని కూర్చుంది. వంకర వేళ్ళతో ఒక్కో ముడి సూదిమొనతో వదులు చేస్తూ, "ఇది కట్టినావిడ ఏం కోరుకుందే?" అని నన్నడిగింది.

నాకేం తెలుసు? చెప్పుకుంటూ పోయాను. ఇది మొగుడి బదిలీ ఆగాలని, ఇది టెలిఫోన్ కనెక్షన్ రావాలని, ఇది గ్యాసు సిలిండరు కోసం, ఇది స్కూటర్ వంతు రావాలని, ఇది అత్తగారు తీర్థయాత్రకి వెళ్ళి ఇప్పట్లో తిరిగి రాకూడదని. అమ్మమ్మ ప్రతిదానికీ తలూపింది. "ఈ ఊరివాళ్ళకి ఇన్ని కావాలా పాపం," అంది. నమ్మిందో, నాకోసం నమ్మినట్టు కూర్చుందో ఇవాళ్టికీ చెప్పలేను. అంచున ఉన్న దారం దగ్గరికి వచ్చేసరికి నాకు కల్పించడానికేమీ లేకపోయింది. ఉన్నదే చెప్పాను. సూది ఆగిపోయింది.

"తగ్గిందా?"

"తెలీదమ్మమ్మా."

"తెలీకుండా ఎలా విప్పుతామే," అని అది అలాగే వదిలేసింది.

ఇంటికి తెచ్చి కుంకుడురసంలో తనే నానబెట్టింది, ఎండలో పెట్టకుండా నీడన ఆరేసింది, మళ్ళీ నానబెట్టింది. ఎరుపు గులాబీ రంగుకి దిగి అక్కడే నిలిచిపోయింది. కర్రకి చుడుతూ, ఇంక దీన్ని ఎవరికీ చూపించకండే అంది. పిన్నిని పల్లెత్తు మాట అనలేదు, అననందుకే పిన్ని చివరిదాకా ఆ మాటెత్తితే గొంతు తగ్గించేది.

నేను నోయిడా చేరేసరికి లేసు అద్దం కింద ఉంది. మెత్తటి దీపాలు, తేమ తగలకుండా ఏవో పొట్లాలు, పిన్ని చూస్తే పొంగిపోయేంత జాగ్రత్త. దారం అంచున అలాగే ఉంది, ఎరుపు పోయి ఎండిన కాఫీ రంగు తేలింది. వచ్చినవాళ్ళు ఫోనుతో ఒక ఫోటో తీసుకుని పక్క పెట్టె దగ్గరికి పోతున్నారు. తిరగేసి చూపించమన్నవాళ్ళు లేరు, అసలు అల్లిక తెలిసిన చెయ్యే ఆ హాల్లో కనిపించలేదు. పక్కింటావిడ మాత్రం ఇంత అందమైన గులాబీ రంగు ఎలా అద్దించారని నన్నడిగింది. జన్మలో మొదటిసారి ఒక్క అక్షరం కలపకుండా జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆవిడ పగలబడి నవ్వి, "ఆంటీ, ఆప్ భీ నా!" అంటూ, మీరూ భలేవారే అన్నట్టు వెళ్ళిపోయింది.

సాయంత్రం దాకా అక్కడే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. లేసుకి ఏ ప్రమాదమూ లేదు, దాని వైపు ఒక్క చెయ్యీ రాలేదు. ఆ పిల్లాడు బతికుంటే ఇప్పుడు నలభై దాటి ఉంటాడు, ఘాజియాబాద్ ఇక్కడికి ఎంత దూరమని. నడివయసు మగవాడు ఎవరు లోపలికి వచ్చినా లేచి నిలబడ్డాను, మీకు చిన్నప్పుడు జ్వరం వచ్చిందా అని అడగలేక మళ్ళీ కూర్చున్నాను.