ఒళ్లో పోసిన శనక్కాయలు

రెండువేల ఒకటో రెండో సంవత్సరం. కళ్యాణదుర్గం బస్సులో నా పక్కన కూర్చున్నామె ఒడిలో ఉడకబెట్టిన శనక్కాయలున్నాయి. నా ఒళ్లో ప్రశ్నల కాగితం. ఏ దేశపు మనుషుల స్వభావం ఎట్లాంటిదో తెలుసుకోవడానికి ఎక్కడో పరాయి దేశంలో తయారుచేసిన ప్రశ్నలవి. మా కాలేజీలో తెలుగు చేసి పంచారు. "కొత్తవాళ్లతో సులువుగా కలుస్తారా?" అన్నచోట "అస్సలు కలవను" గడిలో టిక్కు పెట్టబోయాను. నేను చిన్నప్పటినుంచీ మూగమొద్దునే.

"ఏం రాస్తాండావప్పా?" అందామె. ప్రశ్న చదివి వినిపించాను.

"కొత్తోళ్లంటే ఎవురు?"

"తెలీనోళ్లక్కా. ఇప్పుడు నువ్వూ నేనూ లేమా, అట్ల."

ఆమె నన్ను జాలిగా చూసింది. "పక్కన కూచున్నాక ఇంగా కొత్తేముండాది?" అంటూ రెండు దోసిళ్ల కాయలు ఆ కాగితం మీదే పోసింది.

"వద్దక్కా."

"కావల్నా అని నేనడిగినానా? తిను."

తిన్నాను. తింటూ తింటూ, ఇంట్లో ఎవరితోనూ అనని మాట ఆమెతో అనేశాను. మా నాయనంటే నాకు ఇప్పటికీ భయమని. ఆమె ఇంకో దోసెడు పోసింది.

కాయల ఉప్పునీళ్లకు తడిసిన ఆ కాగితాన్ని నేను తిరిగి ఇవ్వలేదు.

ఇప్పుడుండే నగరంలో బస్సెక్కితే సంచి కాళ్ల దగ్గర పెట్టుకుంటాను. ఒడి ఖాళీగానే ఉంచుకుంటాను, దిగేదాకా.