పెనాల్టీ పూర్తి కాకుండానే వెళ్లిపోయిన మా బావ

ఫోన్‌లోనే రాస్తున్నాను. టైపింగులో తప్పులుంటే సర్దుకోండి.

మా రాజేశం బావ లేడట.

"లేడట" అనే రాస్తున్నాను. నిన్న సాయంత్రం గోదావరి ఒడ్డున దగ్గరుండి సాగనంపి వచ్చింది నేనే. అయినా ఎవరో చెప్పిన వార్తలాగే ఉంది.

నిన్న పొద్దున అక్క ఫోన్ చేసింది. "తమ్మీ, మీ బావ లేస్తలేడురా."

నేను నవ్వాను. "సెకండ్ షిఫ్టు చేసి అచ్చిండు గదనే, పండుకోనియ్యి" అన్నాను.

అటువైపు అక్క బోరున ఏడ్చింది.

అప్పుడు అర్థమైంది నాకు.

మా క్వార్టరుకు, వాళ్ల క్వార్టరుకు మధ్య ఒక్క లైను దూరం. చెప్పుల్లేకుండా ఉరికాను. అంబులెన్స్, దవాఖాన, అన్నీ అయ్యాయి. నిద్రలోనే గుండె ఆగిపోయిందన్నాడు డాక్టరు. బీపీ లేదు, షుగర్ లేదు. ముందురోజు మధ్యాహ్నం కాలనీ అంతా వినపడేట్టు కొట్లాడిన మనిషి!

దేని గురించో తెలుసా?

ఐస్ హాకీ.

నవ్వండి, ఏం పర్లేదు. నాకూ ఇది రాస్తుంటే నవ్వొస్తోంది, వెంటనే ఏడుపొస్తోంది.

బొగ్గు గనుల పక్కన మా సెంటినరీ కాలనీ, ఇక్కడి ఎండలు మీకు తెలుసు. ఆ ఎండలో చాయ్ హోటల్ బెంచీ మీద కూర్చొని మా బావ ఫోన్‌లో ఐస్ హాకీ చూసేవాడు. ఓపెన్‌కాస్టు గనిలో బొగ్గు మోసే డంపర్ నడిపే మనిషి. మంచు అంటే ఫ్రిజ్‌లో చూసిందే. టీముల పేర్లు తెలియవు. గోల్ ఎప్పుడు పడిందో ఒక్కసారి కూడా చూడలేదు. వాళ్లు కర్రలతో కొట్టే ఆ నల్ల బిళ్లను "బొగ్గు పెళ్ల" అనేవాడు.

ఆయనకు కావాల్సింది ఫైట్లు.

ఇద్దరు ఆటగాళ్లు గ్లవ్స్ విసిరేసి, ఒకరి అంగీ ఒకరు పట్టుకొని గుద్దుకోవడం మొదలుపెడితే చాలు, బావ చాయ్ గ్లాసు పక్కన పెట్టేసి నన్ను పిలిచేవాడు.

"గా రెఫరీని సూడురా సీనూ! ఉత్తగ నిలవడి సూస్తుండు. ఒకడు కింద పడ్డంక అస్తడు విడిపియ్య. పెనాల్టీ అని ఐదు నిమిషాలు పక్కకు డబ్బల కూసోవెడ్తరు. గంతే! మనకైతే చార్జిషీటు, సస్పెన్షను."

కొన్ని టీములు కొట్లాటలో గట్టివాడని చూసి మరీ ఒకణ్ని పెట్టుకుంటాయని తెలిసిన రోజు ఆయన ముఖం చూడాలి.

"కొట్లాడెతందుకు జీతమా! నేను తప్పు కంపెనీల చేరిన గదరా!"

ఈ పిచ్చికి జత ఓదెలన్న. బావ వాళ్ల పక్క క్వార్టరు. బావకు ప్రాణదోస్తు, యూనియన్ మాత్రం వేరే. ఇద్దరూ కలిసి వాళ్ల క్వార్టర్ల లైనులో ఐస్ హాకీ రూల్ పెట్టారు. ఎవరికి ఎవరితో పంచాయితీ వచ్చినా ముందు టోపీ, కళ్లద్దాలు, ఫోన్ పక్కన పెట్టాలి. అవే మన గ్లవ్స్. కొట్లాట అయ్యాక చాయ్ హోటల్ బెంచీకి చెరో కొసన ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. ఆ తర్వాత వన్ బై టూ చాయ్ తాగాలి. ఇంక ఆ సంగతి ఎత్తకూడదు.

టైం చూసేది నేను.

పోయిన వానాకాలం, బావ ఆరేసుకున్న డ్యూటీ బట్టల మీద ఓదెలన్న స్కూటర్ బురద చిమ్మింది. "గ్లవ్స్ పడేయ్!" అని అరిచాడు బావ. ఇద్దరూ పద్ధతిగా కళ్లద్దాలు తీసి బెంచీ మీద పెట్టారు. కాలర్లు పట్టుకున్నారు. ఒక్క దెబ్బ పడలేదు. అచ్చం ఐస్ మీద జారినట్టు ఇద్దరూ జర్రున జారి బురదలో కూలబడ్డారు.

"చెయ్యియ్యిరా" అన్నాడు బావ.

"ముందుగాల నువ్వియ్యి."

లైనంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. అక్క బకెట్ పట్టుకొని గడపలో నిలబడి "గా బట్టలు ఎవలు ఉతుకుతరనుకున్నరు?" అని తిట్టిన తిట్లు ఆ ఆటలో ఏ రెఫరీ తిట్టి ఉండడు.

ఇక మొన్న మధ్యాహ్నం.

ఓదెలన్నకు రెస్టు. బావకు సెకండ్ షిఫ్టు. ఫోన్‌లో ఒక ఫైట్ చూశారు. ఎర్రంగీవాడు గెలిచాడని బావ. వాడి అంగీని తలమీదికి గుంజేశారు కాబట్టి ఓడిపోయాడని ఓదెలన్న. ఎక్కడో ఏ ఊళ్లోనో జరిగిన కొట్లాట! మా వాళ్లిద్దరూ లేచి నిలబడ్డారు. కళ్లద్దాలు తీశారు. యూనియన్ దాకా వెళ్లింది మాట. నేనే మధ్యలో దూరి ఇద్దరినీ బెంచీ మీద కూర్చోబెట్టాను.

పెనాల్టీ సగం కాకముందే షిఫ్టు బస్సు వచ్చింది.

బావ టిఫిన్ పట్టుకొని లేచాడు. "మిగిలింది రేపు కూసుందాం తియ్" అన్నాడు.

ఓదెలన్న తల కూడా తిప్పలేదు. "రేపు నీ మొఖం సూడ. పో" అన్నాడు.

అంతే. ఇద్దరి మధ్య అదే చివరి మాట.

నిన్న బావను ఇంటి ముందు పడుకోబెట్టినప్పుడు ఓదెలన్న రాలేదు. అందరూ వచ్చారు. అంత దూరం గోలేటి నుంచి చుట్టాలు కూడా వచ్చేశారు. పక్క క్వార్టరు తలుపు తెరుచుకోలేదు. అక్క రెండుసార్లు అటు చూసింది.

ఇంక ఎత్తుతారనగా వచ్చాడు. నేరుగా బావ దగ్గరికి నడిచాడు. టోపీ తీశాడు. కళ్లద్దాలు తీశాడు. ఫోన్ తీశాడు. మూడూ బావ కాళ్ల దగ్గర పెట్టి, పక్కన నేల మీద కూర్చున్నాడు.

"సీనూ, టైం వెట్టు. నిన్నటిది మిగిలింది."

నా ఫోన్‌లో అలారం పెట్టాను. బావను ఎత్తడానికి వచ్చినవాళ్లు పక్కకు జరిగారు. ఆయన బావ ముఖం చూస్తూ అట్లాగే కూర్చున్నాడు.

అలారం మోగింది.

ఓదెలన్న బావ భుజం తట్టాడు.

"అయిపోయిందిరా రాజేశం. ఎర్రంగీవోడే గెల్చిండు. ఇగ లే."

బావా, నువ్వు లేవలేదు. ఓదెలన్నను మేం నలుగురం పట్టి లేపాల్సి వచ్చింది.

కానీ విన్నావు కదా, ఒప్పుకున్నాడు. మీ ఇద్దరి మధ్య ఏమీ మిగల్లేదు. అక్క ఫికర్ పెట్టుకోకు, మేమున్నాం.

హాయిగా నిద్రపో బావా.