బొమ్మ దిగేలోగా

మా మాస్టారు పోయారు. మొన్న బుధవారం పొద్దున్న నేను కాలేజీకి బయల్దేరుతుంటే బడి పక్కింటి మామ్మగారు ఫోన్ చేసి చెప్పారు. "నిద్దర్లోనే పోయారమ్మా, ఎవర్నీ కష్టపెట్టలేదు" అన్నారు. నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. ఎవర్నీ కష్టపెట్టలేదట. నన్ను పెట్టారు కదండీ. ఐదేళ్ళుగా ఆయన మీద ఒక కోపం దాచుకుని, ఎప్పటికైనా ఎదురుగా కూర్చుని కడిగేద్దామనుకుంటే, ఆ వీలు లేకుండా వెళ్ళిపోయారు.

సంగతి చెప్తాను, తప్పెవరిదో మీరే చెప్పండి. నరసాపురం దగ్గర మా ఊరి ఎలిమెంటరీ స్కూల్లో ఆయన హెడ్మాస్టరు. డిగ్రీ అయ్యాక కంప్యూటర్ కోర్సు చేసి ఇంట్లో ఖాళీగా కూర్చున్న నన్ను విద్యా వాలంటీరుగా పిలిచింది ఆయనే. ఆ ఏడే భీమవరంలో రొయ్యల మేత వ్యాపారం చేసే ఒకాయన మా బడికి కంప్యూటర్ ఇచ్చాడు. ఇంటర్నెట్‌లో పిల్లల చేత ఇంగ్లీషు కథలు చదివించే సైటు ఒకటుంది. కథ చదవాలి, బొమ్మ చూడాలి, కింద ప్రశ్నలకి జవాబు నొక్కి ఒక వాక్యం టైపు చెయ్యాలి. వేసవి సెలవుల్లోపు ఇరవై కథలు పూర్తిచేస్తే కంప్యూటర్ మాకే ఉంటుంది. లేదంటే ఇంకో ఊరి బడికి పోతుంది. అదీ షరతు.

నెట్టు ఫోన్ లైను మీదే రావాలి, బడికి ఫోన్ లేదు. మామ్మగారింటి లైను కిటికీలోంచి లాక్కున్నాం. ఆవిడ ఉండబట్టలేక మధ్యమధ్యలో రిసీవర్ ఎత్తి చూసేవారు. ఎత్తగానే ఇక్కడ నెట్టు పోయేది. "ఏంటండీ మాస్టారూ, ఫోన్లో కీచురాళ్ళు అరుస్తున్నాయి" అని గోడ అవతల్నించి కేక. మళ్ళీ మొదట్నించి మొదలు. ఒక్క బొమ్మ రావడానికి పావుగంట పట్టేది. పైనుంచి కిందకి, చుట్టిన చాప విప్పినట్టు, గీత తర్వాత గీత దిగేది. నేను పళ్ళు కొరుక్కుంటూ కూర్చునేదాన్ని.

ఆయనకి మాత్రం అదే కావాలి. పైన రెండు వేళ్ళ మేర రంగు కనపడగానే పిల్లల వైపు తిరిగి, "ఊఁ, బొమ్మ దిగేలోగా రాసెయ్యండి, అదేంటో" అనేవారు. పిల్లలు నోటుబుక్కుల్లో కాగితాలు చింపి రాసేవారు, అదీ తెలుగులో. "ఇంగ్లీషు నేర్పమని కదండీ ఇచ్చింది?" అని అడిగితే, "చూశాక రాసేది జవాబమ్మా. చూడకముందు రాసేది సొంత మాట. ముందు అది రానీ" అనేవారు.

నాలుగో తరగతిలో ఒక పిల్ల ఉండేది. వాళ్ళమ్మ లేసు అల్లుతుంది. ఎక్కాలూ పద్యాలూ గడగడా అప్పజెప్పేది కానీ సొంతంగా ఒక్క ముక్క రాసేది కాదు, తప్పవుతుందని భయం. ఓ రోజు నీలం పట్టీ ఒకటి దిగి నెట్టు ఆగిపోయింది. అందరూ ఆకాశం, సముద్రం అని రాశారు. ఆ పిల్ల రాసింది: "ఇవి రేవు దాటే పంటు మీంచి వంగి చూస్తే కనపడే గోదారి నీళ్ళు అండి. మా నాన్న జడ పట్టుకున్నాడు గనక చూశాను." తీరా దిగాక అది ఎవరో తెల్లపిల్లాడి పడగ్గది గోడ. "నాదే బాగుందండి" అంది. మాస్టారు ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, సాయంత్రం దాకా తీసి తీసి చదువుకున్నారు.

నాకూ నచ్చింది, కాదనను. కానీ మార్చి వచ్చేసరికి అయినవి నాలుగంటే నాలుగు కథలు. ఆయనది నిదానమే ప్రధానం, నాదేమో ఆలస్యం అమృతం విషం. చెప్పీ చెప్పీ విసుగెత్తి, రెండు ఆదివారాలు మామ్మగార్ని ఫోన్ ముట్టుకోవద్దని బతిమాలుకుని, పిల్లల పేర్లతో మిగతా పదహారూ నేనే నొక్కేశాను. బొమ్మలు రాకుండా ఆపేస్తే సైటు చకచకా నడిచింది. నాలుగు కాస్తా ఇరవై ఎలా అయ్యాయో మాస్టారికి నేను చెప్పక్కర్లేకపోయింది.

మేత వ్యాపారి సంతోషంగా పూతరేకులు పట్టుకొచ్చాడు. ముందు వరసలో ఉన్న ఆ పిల్లనే అడిగాడు, "ఏ కథ నచ్చిందమ్మా?" అని. పిల్ల నావైపు చూసింది. ఏదో ఒకటి చెప్పమని కళ్ళతో సైగ చేశాను. ఈలోగా మాస్టారు లేచారు. "ఆ పిల్ల చదవలేదండి. పదహారు కథలు మేమే నొక్కాం. పిల్లలు చేసింది ఇదండి" అని ఆ చింపు కాగితాల కట్ట ఆయన ముందు పెట్టారు. ఆయన నాలుగు తిరగేసి, "ఇవన్నీ తప్పులే కదండీ" అన్నాడు, మర్యాదగానే. తర్వాతి వారం ఆటో వచ్చి కంప్యూటర్ పట్టుకుపోయింది.

మేమే అన్నారు చూశారా. ఆయన మౌస్ ముట్టుకుని ఎరగరు.

ఆ సాయంత్రం నేను ఊరుకోలేదు. "ఒక్క పూట మాట్లాడకుండా ఉంటే ఏం పోయేదండీ? పాతికమంది పిల్లల నోటి దగ్గర కూడు లాగేశారు" అన్నాను. ఆయన చాక్‌పీసు ముక్కలు ఏరి డబ్బాలో వేసుకుంటూ, "ఏం చెప్పమంటావని ఆ పిల్ల నీవైపు చూసిందమ్మా. రేపు మళ్ళీ సొంత మాట ఎలా రాస్తుంది?" అన్నారు. నాకది చాదస్తంలా వినపడింది. ఇప్పటికీ సగం అలాగే వినపడుతుంది. ఆ పిల్లలు హైస్కూలుకెళ్ళి కీబోర్డు చూసి బెదిరిపోయారని విన్నప్పుడల్లా నా కోపం మళ్ళీ లేచి కూర్చునేది.

కంప్యూటర్ పోయాక ఆయన పాత క్యాలెండర్ల బొమ్మలు బోర్డుకి అంటించి, భుజం మీది కండువా పైన కప్పి, వేలెడు వేలెడు కిందకి లాగేవారు. "బొమ్మ దిగేలోగా రాసెయ్యండి." నాకు చూడబుద్ధి కాలేదు. జూన్లో భీమవరం ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులో ఉద్యోగం చూసుకుని వచ్చేశాను. ఒకసారి ఫోన్ చేశారు. "అమ్మా, ఆ పిల్ల ఇవాళ పేజీన్నర రాసింది" అన్నారు. "పనిలో ఉన్నానండి" అని పెట్టేశాను. పనేమీ లేదు.

బుధవారం నేను వెళ్ళేసరికి వాకిట్లో పడుకోబెట్టి ఉన్నారు. ఆ పిల్ల ఇప్పుడు తొమ్మిదో తరగతి, యూనిఫాంలోనే వచ్చి తల దగ్గర నుంచుంది. నన్ను చూసి మాస్టారి భార్య లేచారు. ముఖం మీద కప్పిన కండువా అంచులు పట్టుకుని కిందకి లాగుతున్నారు. ముందు నుదురు, దాని మీద విభూతి. తర్వాత కనుబొమ్మలు. అక్కడికొచ్చేసరికి ఆవిడ ఆగిపోయారు. దారంతా కూడబెట్టుకొచ్చిన ఐదేళ్ళ మాటలు ఆ కండువా పూర్తిగా దిగేలోగా అనెయ్యాలనుకున్నాను.

"మెల్లిగా దించండి పిన్నిగారూ" అన్నాను. "తొందరేం లేదు."