కాసిస్ పడవలో చైర్మన్ గారి ఫ్లెక్సీ

కోవిడ్ ఆంక్షలు ఎత్తేసిన తర్వాత వచ్చిన రెండో వేసవిలో ఫ్రాన్స్ దక్షిణ తీరానికి ఒక గ్రూపును తీసుకెళ్లే పని నాకు అప్పగించారు. అప్పటికి నేను శంషాబాద్‌లో ఎయిర్‌పోర్టు రోడ్డు మీదున్న ఒక ట్రావెల్ సంస్థలో సీనియర్ టూర్ మేనేజర్‌ని. మా వృత్తిలోని హోదాలు బయటివాళ్లకు తెలియవు. టికెట్లు, వీసాలు చూసి విమానం ఎక్కించేది కోఆర్డినేటర్. చిన్న జెండా పట్టుకుని ముందు నడిచేది టూర్ లీడర్. హోటలు, బస్సు, భోజనం, పాస్‌పోర్టు, జ్వరం, అలక, వీటిలో ఏది చెడినా జవాబు చెప్పాల్సింది టూర్ మేనేజర్. లీడర్‌కీ మేనేజర్‌కీ జీతంలో తేడా స్వల్పం, తినే తిట్లలో మాత్రం చాలా ఎక్కువ.

అది ఇన్సెంటివ్ టూర్. అంటే, సరుకు బాగా అమ్మిన ఏజెంట్లకు కంపెనీ బహుమతిగా ఇచ్చే విదేశీ యాత్ర. ఒకప్పుడు సిమెంటు కంపెనీలు, రంగుల కంపెనీలు తమ డీలర్లను బ్యాంకాక్ పంపేవి. శంషాబాద్ చుట్టుపక్కల పొలాల్లో హద్దురాళ్లు పాతడం మొదలయ్యాక ఆ ముచ్చట రియల్ ఎస్టేట్ వాళ్లకూ పట్టింది. ఈ కంపెనీ మా ఆఫీసుకు రెండు వీధుల అవతల ఉండేది. దాని పేరు చెప్పను. పేరు చెబితే సిగ్గుపడే రకం కాదు కనుక చెప్పి ప్రయోజనమూ లేదు. వాళ్ల వెంచర్ గేటు మీద రెండు సిమెంటు గుర్రాలు ఉండేవి. గేటు లోపల ఎండిన కొబ్బరి మొక్కలు, వాటి వెనక ఇంకా కంది మోళ్లు కూడా తీయని చేను. దాని పేరు మాత్రం ‘రివేరా’. అందుకే ఏజెంట్లను అసలు రివేరాకు, అంటే ఈ ఫ్రాన్స్ తీరానికి, తీసుకెళ్లి చూపించాలని చైర్మన్ గారికి బుద్ధి పుట్టింది.

కంపెనీ తరఫున గ్రూపుతో వచ్చింది మార్కెటింగ్ హెడ్ రావు గారు. కోస్తా మనిషి. కాఫీ కావాలన్నా సభను ఉద్దేశించి మాట్లాడినట్టే అడిగేవారు. ఇంతమంది ప్రయాణికులకు ఒక సీటు ఉచితమని మా వృత్తిలో ఒక పద్ధతి ఉంది. ఆ ఉచిత సీటు ఆయనది. ఉచితంగా వచ్చిన మనిషికే ఫిర్యాదులు ఎక్కువని నా ఉద్యోగ జీవితమంతా గమనించాను. హోటల్లో దిండు మెత్తగా ఉందని కూడా ఆయన నన్ను పిలిపించారు.

ఏజెంట్లలో మొదటి బహుమతి సుగుణది. శంషాబాద్ అవతలి పల్లెలో కూరగాయలు పండించే కుటుంబం, నలభై దాటిన మనిషి. ఆమె ప్లాట్లు అమ్మింది ముక్కూమొహం తెలియని వాళ్లకు కాదు. సొంత అన్నదమ్ములకు, వదినలకు, పక్కింటివాళ్లకు అమ్మింది. కంపెనీకి ఇలాంటి ఏజెంట్లే కావాలి. బంధువు చెబితే ఎవరూ కాగితాలు అడగరు. అమ్మకాలయ్యాక తెలిసిందేమిటంటే, ఆ లేఅవుట్‌కు ఇంకా అనుమతే రాలేదు. ఊళ్లో వాళ్లు సుగుణను నిలదీయడం మొదలుపెట్టారు. టూర్‌లో చైర్మన్ గారే వస్తారు, పక్కన కూర్చోబెట్టుకుని అన్నీ చెబుతారు అని ఆఫీసులో ఆమెకు నచ్చజెప్పారట. ఆమె విమానం ఎక్కింది అందుకే.

సీట్లలో కుదురుకున్నాక ఆమె నా దగ్గరికి వచ్చింది.

“అక్కా, చైర్మన్ సార్ యాడ కూసున్నడు?” అని అడిగింది.

నా ప్రయాణికుల పట్టికలో ఆయన పేరు మొదటి రోజు నుంచీ లేదు. ఆ మాటే చెప్పాను. “మరి నేనెందుకు పోతున్న?” అంది.  దానికి జవాబు రావు గారు ఇచ్చారు. చైర్మన్ గారు రాలేకపోయినా వారి చిత్రపటం మన వెంటే వస్తోందని ఆయన సెలవిచ్చారు. చిత్రపటమంటే నిలువెత్తు ఫ్లెక్సీ. తెల్ల చొక్కా, జోడించిన చేతులు, మెడలో బంగారు గొలుసు. దాన్ని చుట్టచుట్టి గొట్టంలో పెట్టి, పసిపిల్లను చూసుకున్నట్టు చూసుకుంటూ తెచ్చారు.

టూర్‌లో ఆఖరి రోజు కాసిస్. మార్సెయ్ పక్కన ఉండే చిన్న రేవు. అక్కడి నుంచి పడవలో వెళ్లి కలాంక్‌లు చూడాలి. తెల్లని సున్నపురాతి కొండలు నిట్టనిలువుగా సముద్రంలోకి దిగి ఉంటాయి. వాటి మధ్య ఇరుకైన సందుల్లోకి నీరు చొచ్చుకుపోయి ఉంటుంది. ఆ సందులనే కలాంక్‌లంటారు. మట్టి అన్నది లేని రాతి పగుళ్లలో పైన్ చెట్లు మొలిచి ఉంటాయి. అడుగున రాయి తెల్లగా ఉండటం వల్ల లోతులేని చోట నీరు లేతాకుపచ్చగా, లోతున్న చోట ముదురు నీలంగా కనిపిస్తుంది. ఎన్నో తీరాలు తిరిగాను కానీ నాకు ఇంత ఇష్టమైనది మరొకటి లేదు. ఎన్ని కలాంక్‌లు చూస్తామన్నదాన్ని బట్టి టికెట్టు ఉంటుంది. చైర్మన్ గారి కంపెనీ అన్నిటికంటే పొట్టిదైన మూడు కలాంక్‌ల యాత్రను ఎంచుకుని, పడవ మొత్తాన్ని మాకే మాట్లాడింది.

పడవలో కెప్టెన్ మాటే చెల్లుతుంది. డబ్బు కట్టినవాడైనా, దేశాధ్యక్షుడైనా అక్కడ ప్రయాణికుడే. మా కెప్టెన్ ముక్తసరిగా మాట్లాడే నడివయసు మనిషి. ఎక్కే ముందు ఆయన చెప్పినవి మూడే సంగతులు, వాటిని నేను తెలుగులో చెప్పాను. ఇది రక్షిత ప్రాంతం, నీళ్లలో ఏదీ పడకూడదు. పడవ కదులుతుంటే ఎవరూ లేవకూడదు. మధ్యాహ్నానికి ఉత్తరపు గాలి లేస్తుంది, తిరగమంటే వెనక్కి తిరగాల్సిందే. అందరూ బుద్ధిగా తలలూపారు. తల ఊపడంలో మన గ్రూపులను మించినవాళ్లు లేరు.

పడవ మొదటి సందులోకి తిరిగింది. నేను కొండలు చూపించి సున్నపురాయి గురించి చెబుతుండగానే వెనక నుంచి ఒకాయన, “గిది మన షాబాద్ బండనే గద మేడం. మా ఇంట్ల అంతా గదే పరిపిచ్చినం. గీ బండలు చూడనీకి గింత దూరం రావాల్నా?” అన్నాడు. అందరూ నవ్వారు. ఆ తర్వాత పులిహోర పొట్లాలు విప్పారు. కొండలకు వీపు పెట్టి సెల్ఫీలు తీసుకున్నారు. ఆ పడవలో కళ్లతో కొండల్ని చూసింది కెప్టెన్, నేను, సుగుణ మాత్రమే.

సుగుణ నా పక్కన కూర్చుంది. పొద్దున టిఫిన్ దగ్గర చెప్పిన మాటే మళ్లీ చెప్పింది. ఆ రోజు చైర్మన్ గారి పుట్టినరోజు. సాయంత్రం శంషాబాద్‌లో ఫంక్షన్ హాల్లో సభ పెట్టి, రెండో ఫేజు బుకింగులు మొదలుపెడతారు. జల్‌పల్లిలో కాపురముండే ఆమె చెల్లెలు బాలాపూర్ దగ్గరున్న తన చిన్న ఇల్లు అమ్మేసి, ఆ రెండో ఫేజులో ప్లాటు తీసుకోవడానికి సిద్ధంగా ఉంది.

“నేను గీ పడవల ఫొటో దిగితే చాలట అక్కా. గా ఫొటో చూసి కడ్తనంటున్నది. నేను దిగ. మా ఊరోళ్లను ముంచింది సాలు, చెల్లెనెట్ల ముంచుత?” అంది.

కెప్టెన్ రెండో సందులో, గాలి తక్కువున్న చోట ఇంజను ఆపాడు. రావు గారు వెంటనే లేచి, పుట్టినరోజు ఫొటో తీయించడానికి గొట్టం తెరిచారు. ఫ్లెక్సీకి చీలికలు లేవు. మన హైవే పక్కన కట్టే ఫ్లెక్సీలకు గాలి పోవడానికి అక్కడక్కడా అర్ధచంద్రాకారంలో కోస్తారు, లేకపోతే చిరిగిపోతాయి. ఇది చేసిన వాళ్లకు ఆ సంగతి తెలియక కాదు. కోస్తే ఒక కోత చైర్మన్ గారి ముక్కు మీదికి, ఇంకొకటి నోటి మీదికి వస్తుందని వద్దన్నారట. ఆ ముఖానికి గౌరవం తగ్గకుండా కాపాడి, సముద్రం మీదికి ఒక తెరచాపను మోసుకొచ్చారన్నమాట.

నిలబడవద్దని నేను చెప్పాను. కెప్టెన్ చెప్పాడు. రావు గారు మా ఇద్దరికీ అరచెయ్యి చూపించి, ముగ్గురిని మూడు మూలల నిలబెట్టారు. మిగిలిన ముందు మూల మొదటి బహుమతి పొందిన సుగుణ పట్టుకోవాలన్నారు.

“పట్టుకోను సార్. మా వోళ్ల పర్మిషన్ సంగతేందో ముందు చెప్పుండ్రి,” అంది సుగుణ.

“అమ్మా, ఇది శుభ సందర్భం. ఇలాంటి విషయాలు ఇక్కడ ప్రస్తావించకూడదు. కంపెనీ మిమ్మల్ని ఇంత దూరం తీసుకొచ్చింది. ఒక్క మూల పట్టుకోవడం కూడా మీకు భారమా?” అన్నారు రావు గారు.

మిగతావాళ్లు కూడా ఆయనకే వంత పాడారు. జర పట్టుకో అక్కా, ఒక్క నిమిషం, లేకుంటే రావు సార్ అందరి మీద కోపానికొస్తడు అని వెంటపడ్డారు. పులిహోర చేతులతో ఒకరిద్దరు ఆమె భుజాలు పట్టి లేపారు. ఆమె వెళ్లి మూల పట్టుకుంది. కొండ మలుపు తిరిగి గాలి అప్పుడే వచ్చింది. ఫ్లెక్సీ ఒక్కసారి ఉబ్బి, నలుగురినీ పడవ అంచుకు లాగింది. కెప్టెన్ అరిచాడు. సుగుణ చెయ్యి వదిలేసింది. గాలి గుంజుకుపోలేదు, ఆమే వదిలింది. నేను ఆమె వేళ్లనే చూస్తున్నాను. మిగిలిన ముగ్గురూ ఆపలేకపోయారు. ఫ్లెక్సీ రావు గారి కళ్లజోడును ఊడ్చుకుంటూ వెళ్లి నీళ్లలో పడింది. అంత శుభ్రమైన నీళ్ల మీద చైర్మన్ గారు వెల్లకిలా తేలుతూ అందరికీ నమస్కారం పెట్టారు. నాకు నవ్వొచ్చింది, నవ్వాను. అందుకు ఇప్పటికీ చింత లేదు.

కెప్టెన్ నవ్వలేదు. పొడవాటి కొక్కెం కర్రతో దాన్ని పైకి లాగి, రేవు కార్యాలయానికి రేడియోలో చెప్పి, యాత్ర ముగిసిందన్నాడు. మూడో కలాంక్ చూడకుండానే వెనక్కి వచ్చేశాం. రేవులో దిగాక రావు గారు నా మీద ఫిర్యాదు రాస్తానన్నారు. అక్షరదోషాలు లేకుండా రాయమని చెప్పాను.

సుగుణ ఒక పక్కకు వెళ్లి చెల్లెలికి ఫోన్ చేసింది. కట్టకు, నేను వచ్చినంక మాట్లాడుకుందాం అని గట్టిగా చెప్పింది. చెల్లెలు సరేనంది. ఫోను పెట్టేశాక ఆమె మొహం తేటపడింది. రేవు గోడ మీద కూర్చుని, అప్పటిదాకా ముట్టని పులిహోర పొట్లం తింటూ, “మంచిగున్నయక్కా నీళ్లు,” అంది. ఆ టూర్‌లో కాసిస్‌ను మెచ్చుకున్న ప్రయాణికురాలు ఆమె ఒక్కతే. బస్సు వచ్చేదాకా అక్కడే కూర్చుంది. అదే మధ్యాహ్నం మార్సెయ్‌లో విమానం ఎక్కాం.

శంషాబాద్‌లో దిగేసరికి కంపెనీ వాళ్లు డప్పులతో ఎదురొచ్చారు. సుగుణ చెల్లెలు కూడా వచ్చింది. చేతిలో పూలగుత్తి, మొహం నిండా సంతోషం. నేను పక్కనే సామాన్లు లెక్క చూసుకుంటున్నాను.

“కట్టిన అక్కా. రాత్రే హాల్ల కట్టిన. ముందు నువ్వు వద్దంటివి గద, జర భయమైంది. మళ్ల ఫొటో వచ్చినంక ధైర్యమొచ్చింది,” అంది.

“ఏ ఫొటో?” అంది సుగుణ.

చెల్లెలు ఫోన్ చూపించింది. సభలో పెద్ద తెర మీద వేసిన బొమ్మ అది. నీలి సముద్రం, తెల్ల పడవ, ఒక్క మడత కూడా లేని ఫ్లెక్సీ. దాని మూల పట్టుకుని నవ్వుతున్న సుగుణ. ఆమె ఒంటి మీద చీర కాసిస్‌లో కట్టింది కాదు. బయలుదేరే రోజు ఇదే ఎయిర్‌పోర్టు ముందు కంపెనీ వాళ్లు అందరికీ ఫొటోలు తీసినప్పుడు కట్టుకున్నది. వెనకాల కొండలు కూడా కాసిస్‌వి కావు. అవి థాయ్‌లాండ్‌వి. ఆ తీరానికి గ్రూపులను తీసుకెళ్లి తీసుకెళ్లి విసుగెత్తినదాన్ని కనుక నేను పోల్చుకోగలను. ఇదేమిటని రావు గారిని అడిగాను. “ప్రతీకాత్మక చిత్రం మేడం,” అన్నారు, అంత నిబ్బరంగా.

“ఫోన్ల నేను చెప్పింది ఇన్నవా లేదా?” అంది సుగుణ చెల్లెలితో.

“ఇన్న. గానీ ఫొటో గా తర్వాత వచ్చింది గదా అక్కా,” అంది చెల్లెలు. ఏం తప్పు జరిగిందో ఆ పిల్లకు ఇంకా అర్థం కాలేదు. డప్పులవాళ్లు మాత్రం ఆపలేదు.

నేను రిటైరై మైలార్‌దేవ్‌పల్లిలో స్థిరపడ్డాను. ఆ వెంచర్‌లో మొదటి ఫేజుకూ రెండో ఫేజుకూ నాకు తెలిసినంతవరకు అనుమతి రాలేదు. అక్కచెల్లెళ్లకు మాటల్లేవని విన్నాను.

ఈ వృత్తిలోకి రావాలనుకునేవాళ్లకు ఆ టూర్ నుంచి చెప్పగలిగింది ఇంతే. మామూలు టూర్‌లో ప్రయాణికులు కస్టమర్లు. ఇన్సెంటివ్ టూర్‌లో వాళ్లు సరుకు, డబ్బు కట్టిన కస్టమర్ వేరే చోట సభ పెట్టుకుని ఉంటాడు. ఫ్లెక్సీ వదిలేసి తప్పించుకున్నానని సుగుణ అనుకుంది, నేనూ అలాగే అనుకున్నాను. కంపెనీకి కావలసిన ముఖాన్ని వాళ్లు బయలుదేరే రోజే, శంషాబాద్‌లోనే తీసేసుకున్నారు. ఆ తర్వాత ఆమె పడవ ఎక్కినా ఎక్కకపోయినా వాళ్లకు ఒకటే.