సంబంధం చెడగొట్టిన మీటింగు

మా తమ్ముడు జగ్గయ్యపేటలో మోటార్లకి వైండింగ్ చేస్తాడు. చుట్టుపక్కల ఎవరి బోరు మోటారు కాలినా వాడి షాపుకే తెస్తారు. ఆ రోజు నేను క్యారేజీ పట్టుకెళ్ళేసరికి వాడి చేతిలో రాగి తీగ నిలవడం లేదు. చుట్టు వేయబోతే వేళ్ళు వణికి జారిపోతోంది. ఎదురుగా రైతు నిలబడి చూస్తున్నాడు.

"జ్వరంగా ఉందక్కా" అన్నాడు. జ్వరం కాదని నాకూ తెలుసు, ఆ రైతుకీ తెలుసు. పొద్దున్నే చుక్క పడక వచ్చిన వణుకది.

అమ్మతో చెప్పాను. అమ్మకి తెలిసిన మందులు రెండే, మాల, పెళ్ళి. ముందు మాల వేయించింది. దీక్షలో ఉన్నన్నాళ్ళు ముట్టడు, తర్వాత అదే అలవాటవుతుందని ఆశ. మా వైపు చాలా ఇళ్ళలో ఇదే వైద్యం. మాల తీసిన రోజే బార్ మెట్లెక్కిన వాళ్ళని నేను చూశాను. మావాడు అంతదాకా కూడా రాలేదు. రెండో రోజే షాపులో ఫిట్స్ వచ్చి పడిపోయాడు.

విజయవాడ తీసుకెళ్ళాం. స్కాన్, లివర్ టెస్టులు అన్నీ చేశారు. "విత్‌డ్రాయల్ ఫిట్స్ అమ్మా. రోజూ తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే ప్రాణం మీదకి వస్తుంది. మమ్మల్ని అడక్కుండా ఎవరు ఆపమన్నారు?" అన్నారు డాక్టరు గారు. అమ్మ గోడకేసి చూసింది. లివర్ గట్టిపడుతోందని, ఇంకా తాగితే తాము చేయగలిగిందేమీ ఉండదని కూడా అన్నారు.

డీఅడిక్షన్ వార్డు నుంచి పంపించేటప్పుడు ఆయనే మళ్ళీ చెప్పారు. "టాబ్లెట్లు వణుకు తగ్గిస్తాయి. అంతవరకే. తాగుడు మానినవాళ్ళు కూర్చునే సపోర్ట్ గ్రూప్ మీటింగు మీ దగ్గర్లో ఎక్కడుందో కనుక్కుని ఈ వారమే పంపండి."

ఈ వారమే అన్న మాట మా ఇంట్లో ఎవరి చెవికీ ఎక్కలేదు. అమ్మ అప్పటికే రెండో మందు తీసింది. కంచికచర్ల వైపు సంబంధం. పిల్ల డిగ్రీ చదివింది.

"పెళ్ళయితే బాధ్యత తెలిసి వాడే మానతాడే. ఆ మీటింగులకి తిప్పావంటే తాగుబోతని ముద్ర పడిద్ది. సంబంధం పోద్ది" అని, మీటింగు మాటెత్తిన నా మీద లేచింది.

బజార్లో తూలి పడ్డప్పుడు పడని ముద్ర, మానడానికి వెళ్తే పడుతుందట! నాకు ఒళ్ళు మండింది. కానీ ఊరుకున్నాను.

పెళ్ళిచూపులకి వెళ్ళేటప్పుడు వాడు భయపడుతున్నాడని మా మేనమామే కారులో పెగ్గు కలిపిచ్చాడు. "ధైర్యానికిలేరా" అన్నాడు. లోపల పిల్ల తండ్రి, "అబ్బాయికి అలవాట్లేం లేవు కదండీ?" అని అడిగితే, "టీ కూడా తాగడండీ" అన్నది కూడా ఆయనే.

సంబంధం ఇంకా మాటల్లోనే ఉంది, తాగుడు మాత్రం మళ్ళీ మొదలైంది. కొన్నాళ్ళకి కళ్ళు పచ్చబడ్డాయి, కాళ్ళు వాచాయి. ఇంకోసారి అడ్మిట్ చేశాం. ఆ మంచం మీద వాడే అన్నాడు, "అక్కా, ఆ మీటింగు ఎక్కడో కనుక్కోవే. నాకు చావాలని లేదు."

కనుక్కోవడం తేలిక కాదు. జగ్గయ్యపేటలో బార్ ఎక్కడంటే పసిపిల్లాడు కూడా చెప్తాడు. మీటింగు గురించి అడిగితే, "ఎవరికమ్మా?" అని మన మొహంలోకి చూస్తారు. చివరికి హాస్పిటల్ కౌన్సిలర్ నందిగామలో ఆదివారం జరిగే మీటింగు గురించి చెప్పింది. మోటారు స్పేర్లకని అమ్మతో చెప్పి ఇద్దరం బస్సెక్కాం.

అదొక స్కూలు గది. పిల్లల బెంచీలు. ఆ రోజు ఇంటివాళ్ళూ కూర్చోవచ్చన్నారు. ముందు వరసలో ఒకాయన లేచి, "నేను తాగుబోతునండీ. ఇంకా మానుతూనే ఉన్నా" అని మొదలుపెట్టాడు. ఆ గొంతు నాకు తెలుసు. మేము చూసొచ్చిన కంచికచర్ల పిల్ల తండ్రి.

ఆయన మమ్మల్ని చూశాడు. తమ్ముడు లేచి వెళ్ళిపోబోతే చెయ్యి పట్టి కూర్చోబెట్టాను. ఆయన మా వైపే చూస్తూ మిగతాదంతా చెప్పాడు.

అయ్యాక బయట మా దగ్గరికి వచ్చాడు. "మా పిల్లని ఇవ్వలేనమ్మా. చిన్నప్పట్నించీ నన్ను భరించింది. ఇంకొకణ్ణి భరించమని ఏ మొహం పెట్టుకుని చెప్పను?" అన్నాడు. తర్వాత తమ్ముడి భుజమ్మీద చెయ్యి వేశాడు. "నువ్వు మాత్రం వచ్చే ఆదివారం రావాలి బాబూ. నా పక్కనే కూర్చో."

జాతకాలు కలవలేదని కబురు పంపారు. అమ్మ నమ్మలేదు. మేము ఎక్కడికెళ్ళామో ఎవరో చెప్పారు. "నీ మీటింగే చెడగొట్టింది" అని ఇప్పటికీ దెప్పుతుంది. నిజమే, చెడగొట్టింది. నేను కాదనలేదు. ఇదంతా రాయమని ప్రోత్సహించింది ఆ పిల్ల తండ్రే.

మధ్యలో తమ్ముడు ఒకసారి తప్పాడు. ఆ సంగతి మీటింగులో వాడే చెప్పి ఏడ్చాడు. ఇప్పుడు తాగడం లేదు. వైండింగ్ చేస్తున్నాడు, టాబ్లెట్లు వాడుతున్నాడు. పాడైన లివర్ పూర్తిగా బాగవుతుందని ఏ డాక్టరూ అనలేదు. మాల బదులు మొదటే హాస్పిటల్‌కి వెళ్ళి ఉండాల్సింది.

మొన్న అమ్మ ఇంకో సంబంధం తెచ్చింది. తమ్ముడే వాళ్ళకి ఫోన్ చేశాడు. "నేను తాగుబోతునండీ. మానడానికి మీటింగుకి వెళ్తున్నా. అమ్మాయికి కూడా చెప్పండి" అన్నాడు. వాళ్ళు మళ్ళీ మాట్లాడలేదు. అమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు. నేను కడుపునిండా తిన్నాను.

మీ ఇంట్లోనూ ఇలాంటివాడు ఉంటే డిశ్చార్జి రోజునే మీటింగు ఎక్కడని డాక్టర్నే అడగండి. ఎవరికి అంటే, మాకే అనండి. వాడికి పిల్లని తర్వాత వెతకొచ్చు.