ఆముదం తాగిన పంపు

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులవి. చిత్తూరులో మేమున్న వీధిలో సైకిలు తొక్కే ఆడమనిషి మా అక్క ఒక్కతే. మద్రాసులో నర్సు చదువు చదివి, కాన్పులు చేయడం నేర్చుకుని వచ్చింది. ఇంగ్లండుకు వెళ్ళిపోతున్న ఒక దొరసాని దగ్గర ఆ సైకిలు కొన్నది. గాలి కొట్టే పంపు కూడా దానితోపాటే వచ్చింది. నా నడుము ఎత్తున ఇనుప గొట్టం, కింద కాళ్ళతో తొక్కిపట్టడానికి ఇనుప పట్టీ, పైన చెక్క పిడి. కొత్త ట్యూబులు ఎక్కడా దొరకవు. వెనక చక్రం ట్యూబుకు అతుకు మీద అతుకు పడి, సాయంత్రం నింపిన గాలి తెల్లారేసరికి సగం పోయేది. రోజూ పొద్దున్నే గాలి కొట్టడం నా పని. అప్పుడు నాకు పదహారేళ్ళు.

ఆ వేసవిలో అక్క పని మీద తిరుపతి వెళ్ళి పది రోజులు ఉండిపోయింది. ఆమె తిరిగి వచ్చిన మర్నాడు పొద్దున్నే ఒక మనిషి మా వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. పంచె మోకాళ్ళ దాకా దుమ్ము, ఒళ్ళంతా చెమట.

"నర్సమ్మ ఉండాదా తల్లీ? నా పెండ్లానికి కోడి కూసేటప్పుడే నొప్పులు మొదులైనాయి. తొలి కాన్పు. ఆడ మా యమ్మ ఒగతే ఉండాది."

అక్క లోపలినుంచి వచ్చింది. "ఏ ఊరప్పా మీది?"

"పూతలపట్టు దోవలో, ఎనిమిది మైళ్ళు. పరిగెత్తుకుంటా వచ్చినా."

"కూసో. మజ్జిగ తాగు." ఆ మాట అంటూనే అక్క కత్తెర, దారం మరిగించడానికి పొయ్యి మీద నీళ్ళు పెట్టింది. "మే, చక్రానికి గాలి కొట్టు. బిరబిరా!" అని నన్ను కేకేసింది.

నేను పంపు తెచ్చి, కాళ్ళతో తొక్కిపట్టి పిడి లాగాను. రాలేదు. ఊపిరి బిగబట్టి మళ్ళీ లాగాను. జానెడు పైకొచ్చి అక్కడే పట్టేసింది. ఇక పైకీ రాదు, కిందికీ పోదు. అక్క వచ్చి తనూ ఒక చేయి వేసింది. కదల్లేదు.

"యాడ పెట్టినావే దీన్ని ఈ పది దినాలు?"

"పెరట్లో" అన్నాను. సైకిలు తొక్కే అక్కే ఊళ్ళో లేనప్పుడు పంపుతో పనేముందని పెరటి గోడకు ఆనించి వదిలేశాను. అన్ని రోజులూ ఎండకు ఎండింది. మధ్యలో ఒక గాలివాన కూడా కురిసింది. తప్పు నాదే. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఏడిసేదానికి టైము లేదు. ఇప్పు దాన్ని" అంది అక్క.

నాయన అప్పటికే కండువా భుజాన వేసుకున్నాడు. బొగ్గుతో నడిచే బస్సు పొద్దున్నే వెళ్ళిపోయింది, మళ్ళీ మధ్యాహ్నం దాకా లేదు. సైకిలు షాపాయన పెళ్ళికని కాళహస్తి వెళ్ళాడు. "జట్కా ఏమన్నా దొరుకుతుందేమో సూసొస్తా" అని నాయన వీధిలోకి నడిచాడు.

గొట్టం పైన మర మూత. దాన్ని తిప్పితే లోపలి కడ్డీ బయటికి రావాలి. పట్టకారుతో పట్టుకున్నాను. జారింది. మళ్ళీ పట్టుకున్నాను. నా వేలు నలిగింది. అది చూసి అమ్మ వంటింట్లోంచి చెంబుతో వచ్చింది.

"సీసా మూత బిగుసుకుంటే ఏం జేస్తాం? అదే జెయ్" అంటూ, కత్తెర కోసం పెట్టిన నీళ్ళలోంచి ముంచుకొచ్చిన వేణ్ణీళ్ళు మూత మీద ధారగా పోసింది. దానికి గుడ్డ చుట్టి ఇద్దరం కలిసి తిప్పాం. కిర్రుమంది. కదిలింది!

"ఊడుతుండాది! ఊడుతుండాది!" అని అరిచాను.

ఇక కడ్డీ లాగాలి. ఊరినుంచి వచ్చిన మనిషి గొట్టాన్ని రెండు కాళ్ళ మధ్య ఇరికించుకుని గట్టిగా పట్టుకున్నాడు. అక్కా నేనూ పిడి పట్టుకుని వెనక్కి వాలి లాగాం. ఒకసారి, రెండుసార్లు. మూడోసారికి ఢబ్బుమని ఊడి వచ్చి ముగ్గురం మూడు పక్కల పడ్డాం. అంత కంగారులోనూ అక్కకు నవ్వు ఆగలేదు. ఆ మనిషి కూడా నవ్వాడు, వచ్చినప్పటినుంచీ మొదటిసారి.

కడ్డీ కొసన ఒక తోలు గిన్నె ఉంది. గాలిని నెట్టేది అదే. అది ఎండిన మామిడి తొక్కలా ముడుచుకుపోయి, అంచు ఒకవైపు మడత పడింది. గొట్టంలోంచి ఎర్రటి తుప్పు రాలింది.

"ఇంకేముండాది, పోయింది" అంటూ నట్టు విప్పి దాన్ని ఊడదీశాను.

అమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ వంచి చూసింది. "పోలేదు. చినిగింటే గదా పొయ్యేది? ఇది తోలే. మా నాయన ఎద్దులతో కపిల తోలే దినాల్లో బావిలోనించి నీళ్ళు చేదే తోలు తొండం ఎండకు కట్టె మాదిరి అయిపొయ్యేది. ఆముదం పట్టిస్తే మళ్ళీ గుడ్డ మాదిరి వొంగేది."

గరిటెలో ఆముదం వెచ్చజేసి, ఆ తోలు గిన్నెను అందులో ముంచింది. పసిబిడ్డ చెవులకు నూనె రాసినట్టు బొటనవేలితో మెల్లగా, ఓపిగ్గా రుద్దుతూ కూర్చుంది. నాకు ఓపిక ఎక్కడిది? కట్టెకు గుడ్డ చుట్టి, బూడిద అద్ది, గొట్టం లోపల తోమసాగాను. గుడ్డ ఎర్రగా వచ్చినప్పుడల్లా కొత్త గుడ్డ. నాలుగో గుడ్డ తెల్లగా వచ్చింది. అమ్మ చేతిలో తోలు నల్లగా మెరుస్తూ, నొక్కితే వంగి వదిలితే విచ్చుకుంటోంది.

గిన్నెను మళ్ళీ కడ్డీకి తొడిగి నట్టు బిగించి, గొట్టంలో దించి, మూత తిప్పాను. పిడి లాగితే వెన్నలో దిగినట్టు పైకీ కిందికీ ఆడింది. "అయిపాయ!" అని గంతు వేశాను. ట్యూబుకు తగిలించి పది దెబ్బలు కొట్టాను. చక్రం నొక్కి చూస్తే మెత్తగా అలాగే ఉంది. గాలి చుక్క కూడా ఎక్కలేదు.

ఆ మనిషి లేచి నిలబడ్డాడు. "నడిసి పోదాం తల్లీ" అన్నాడు. అక్క సంచి భుజానికి తగిలించుకుంది.

"ఒక్క నిమిషం అక్కా! ఒక్క నిమిషం!"

మళ్ళీ విప్పాను. తోలు గిన్నె మూతి ఆకాశం వైపు ఉంది. కిందికి నెడుతుంటే గాలి దాని పక్కనుంచి పైకి జారిపోతోంది. గొడుగు ఎలా ఉంటుంది? మూతి కిందికి. కిందనుంచి గాలి తన్నితే గొడుగు విచ్చుకుంటుంది. తోలు కూడా అలా విచ్చుకుంటేనే కదా గొట్టాన్ని అంటిపెట్టుకునేది! నట్టు తీసి, గిన్నెను తిరగేసి బిగించాను. అంచు మడత పడకుండా వేలితో లోపలికి నొక్కుతూ దించాను.

మొదటి దెబ్బకే పిడి నా చేతిని వెనక్కి తన్నింది. బుస్సుమంది గాలి.

"ఎక్కుతుండాది!" అని అక్క కేక. అదే సమయానికి నాయన ఒట్టి చేతులతో వచ్చాడు. "జట్కాలు ఒగటీ లే..." అనబోయి, నన్ను చూసి ఆగిపోయాడు. ముప్పై రెండు దెబ్బలు కొట్టాను. అందరూ పైకే లెక్కబెట్టారు, ఆ మనిషితో సహా.

"నువ్వూ ఎక్కు మే" అంది అక్క. "దోవలో గాలి పోతే కొట్టేదెవురు?"

క్యారియరు మీద కూర్చుని పంపును ఒళ్ళో పెట్టుకున్నాను. ఆ మనిషి ఇంటి గుర్తులు చెప్పి అడ్డదోవన పరిగెత్తాడు. నాలుగో మైలు దగ్గర ఒకసారి, ఏడో మైలు దగ్గర ఒకసారి దిగి గాలి కొట్టాను. రెండుసార్లూ బుస్సుమనగానే ఇద్దరం కలిసి అరిచాం. గొర్రెలు కాసే ముసలాయన మమ్మల్ని చూసి నోరు తెరిచి నిలబడ్డాడు.

ఆ ఇంట్లోకి వెళ్ళిన అక్క అరగంట దాకా బయటికి రాలేదు. నేను పొయ్యి దగ్గర నీళ్ళు కాచి అందించాను. లోపల మూలుగు, తర్వాత అక్క గట్టిగా ఏదో చెప్పడం, తర్వాత ఏమీ లేదు. అంతలో ఒక కేక. అంత చిన్న ప్రాణానికి అంత గొంతా అనిపించింది. బొడ్డుపేగు బిడ్డ మెడకు రెండు చుట్లు చుట్టుకుని ఉండిందని, వేలితో తప్పించానని, ఇంకాస్త ఆలస్యమై ఉంటే చెప్పలేమని అక్క తర్వాత చెప్పింది.

ఆ కేక వినబడినప్పుడే తండ్రి కంచె దాటి వచ్చాడు. పరిగెత్తుకొస్తున్నవాడు ఉన్నపళంగా ఆగి, నేల మీద కూలబడి, రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

"ఆడబిడ్డ. తల్లీ బిడ్డా బాగుండారు" అంది అక్క గడపలోకి వచ్చి.

సాయంత్రం మేం బయలుదేరే వేళకు చక్రం మళ్ళీ మెత్తబడింది. నేను పంపు అందుకోగానే బిడ్డ తండ్రి నా చేతిలోంచి లాక్కున్నాడు. "నేను గొడతా, నేను గొడతా" అని మొదలుపెట్టి, ఆ సంతోషంలో ఆపడం మరిచిపోయి, టైరు రాయిలా అయ్యేదాకా కొడుతూనే ఉన్నాడు.

"సాలప్పా, సాలు! పగిలిపోతుంది!" అని అక్క పిడి పట్టుకుని ఆపింది. గుమ్మంలో పిల్లను ఎత్తుకుని నిలబడ్డ నాయనమ్మ పడీ పడీ నవ్వింది. ఆ నవ్వుకు పిల్ల ఉలిక్కిపడి మళ్ళీ ఏడుపు అందుకుంది.